నా వీపు మీద ఒసాకా

నేను ఒక కాగితాన్ని. ఉత్తరాలు రాసుకునే పల్చటి రకం కాదు, శుభలేఖలు అచ్చువేసే మెరుపు రకమూ కాదు. చూపులేనివాళ్లు వేళ్లతో చదువుకునే చుక్కల రాతకు వాడే మందపాటి బ్రెయిల్ కాగితాన్ని. నా ఒంటిమీద ఒక్క సిరా చుక్క లేదు. కళ్లున్నవాళ్లు నన్ను అటూ ఇటూ తిప్పి, ఖాళీ కాగితమే కదా అని పక్కన పడేస్తారు. జపాన్‌లోని ఒసాకా అనే మహానగరం నాలో ఉందని చెప్పినా నమ్మరు. నమ్మకపోతే పోయారు. నన్ను నమ్మిన మనిషి ఒకాయన ఉన్నాడు, నమ్మి తప్పిపోయాడు కూడా. ఆ సంగతే చెబుతాను.

పాత కాగితాలూ గుడ్డపీలికలూ కలిపి ఉడికించిన గుజ్జులోంచి నేను పుట్టాను. ఎక్కడో తెలియదు. నాకు జ్ఞానం వచ్చేసరికి విజయనగరంలో ఒక అంధుల బడి అల్మారాలో, నాలాంటి వాటి దొంతర అడుగున ఉన్నాను. పైనున్నవి ఒక్కొక్కటీ లెక్కల పాఠాలయ్యాయి, పరీక్ష జవాబులయ్యాయి, ఒకటి రెండు ప్రేమలేఖలు కూడా అయ్యాయి. నా వంతు రాకముందే సింహాద్రి మాస్టారు పదవీ విరమణ చేశారు. గెంబలి సింహాద్రి పుట్టుకతోనే చూపులేని మనిషి. ముప్ఫై ఒక్క ఏళ్లపాటు ఆ బడిలో పిల్లలకు చుక్కల రాతా, కర్రపట్టి నడవడమూ నేర్పారు. ఆ రోజు తోటి ఉపాధ్యాయులు ఎంతో అభిమానంతో ఆయనకు గోడగడియారం బహూకరించారు. గంట కొట్టని గడియారం. మాస్టారు దాన్ని తడిమి, చాలా బాగుందని అందరికీ నమస్కారం చేశారు. ఇంటికి వెళ్లేటప్పుడు, మిగిలిన బ్రెయిల్ కాగితాలు ఇప్పిస్తారా అని అడిగి పట్టుకెళ్లారు. అలా నేను ఆ ఇంటికి చేరాను.

ఇంట్లో ఇద్దరే. ఆయన భార్య వరహాలమ్మ జాకెట్లు కుడుతుంది. పెళ్లయిన నాటినుంచి మాస్టారు గుమ్మం దాటితే ఆయన ఎడమచెయ్యి ఆమె మోచేతి మీదే ఉండేది. బడికి దిగబెట్టేది, సాయంత్రం వెళ్లి తీసుకొచ్చేది. ఒంటరిగా నడవండర్రా, ఎవరిమీదా ఆధారపడకండి అని వందలమంది పిల్లలకు నూరిపోసిన మనిషి తాను మాత్రం ఆ మోచెయ్యి లేకుండా వీధి చివరికి వెళ్లి ఎరగడు. ఈ విడ్డూరం ఊళ్లో ఎవరికీ తట్టలేదు. ఆయనకు తట్టినా పైకి అనలేదు.

ఒకరోజు వరహాలమ్మ, మమ్మల్ని పెట్టిన కుట్టుమిషను సొరుగులోనే నా పక్కన ఆస్పత్రి కాగితం ఒకటి దాచింది. నాలుగు మడతలు పెట్టి, దారపుండల కింద. దానిమీద సిరా ఉంది గనక ఆ ఇంట్లో దాన్ని చదవగలిగేది ఆమె ఒక్కతే. గుండె కండరం బాగా నీరసించిందని, ఆపరేషన్‌కు ఒంట్లో బలం చాలదని, మందులతో ఎన్నాళ్లు నెట్టుకొస్తే అన్నాళ్లని అందులో ఉంది. ఆమె తన గురించి ఏడవడం నేను వినలేదు. మిషను తొక్కడం ఆపి, "నేను లేకపోతే ఈ మనిషి వీధిలోకెలా ఎల్తాడు తల్లీ" అని పైడితల్లి అమ్మవారి పటంతో అన్న మాట మాత్రం విన్నాను. ఆమె భయమంతా అదొక్కటే.

ఆ వారంలోనే భోజనాల దగ్గర, "ఏవండీ, ఒసాకా ఎల్దామండీ" అంది.

మాస్టారి ముద్ద కంచంలోనే ఆగింది. ఆ ఊరి పేరు ఆ ఇంట్లో కొత్తది కాదు. పాత విద్యార్థి ఒకడు అక్కడికి వెళ్లొచ్చి, ఊరంతా పేవుమెంట్ల మీద పసుపుపచ్చ పలకలుంటాయని, గీతల పలక మీద పాదం పడితే ముందుకు నడవాలని, చుక్కల పలక తగిలితే ఆగాలని చెప్పాడు. ఆ పలకలు పుట్టింది ఆ దేశంలోనే. మన దగ్గరా అక్కడక్కడా వేస్తారు. అవి మనిషిని తిన్నగా తీసుకెళ్లి కరెంటు స్తంభానికి అప్పగిస్తాయి. అక్కడ అలా కాదట. మాస్టారు పదేళ్లుగా ఆ ముచ్చట చెప్పుకుంటూనే ఉన్నారు.

"ఇప్పుడేటి, ఉన్నట్టుండి?" అన్నారు.

"రిటైరయ్యేరు కదా. నలుగురూ కాశీ ఎల్తారు. మనం అక్కడికెల్దుం. కాకపోతే ఒక షరతు. ఒక్క పూట మీరొక్కరే నడవాలి. ఆ ఊరి నది మీద పెద్ద వంతెన ఉందంట, నేను ముందెల్లి అక్కడ కూకుంటాను. మీరు హోటలు కాడినుంచి నడిచి నా దగ్గరకొచ్చేయాలి. సెల్లుపోను తేకూడదు."

మాస్టారు ఆగిన ముద్దను నోట్లో పెట్టుకుని నమిలారు. తరవాత, "సరే" అన్నారు.

ఎదురింటి అప్పలనర్సమ్మ ఈ మాట విని ముక్కున వేలేసుకుంది. "కళ్లు లేనాయన అంతదూరమెళ్లి ఏటి చూస్తాడమ్మా?" అని అడిగేసింది. వరహాలమ్మ బొత్తాం కుడుతూ తల ఎత్తకుండా, "మీరు తిరపతెళ్లి ఏటి చూసేరు పిన్నీ, ముందున్నోళ్ల వీపులే కదా" అంది. ఆ తరవాత ఆ వీధిలో ఇంకెవరూ అడగలేదు.

ఇక ప్రయాణపు ఏర్పాట్లు మొదలయ్యాయి. అలాంటి ఏర్పాట్లు ఏ యాత్రా కంపెనీవాడూ చేసి ఉండడు. వరహాలమ్మ నెట్ సెంటరులో ఒసాకా గురించి అచ్చువేయించి తెచ్చి గట్టిగా చదివేది. మాస్టారు వింటూ చూడవలసినవి ఎంచుకునేవారు. కోట బురుజు ఎక్కక్కర్లేదు, చుట్టూ కందకం రాళ్లు తడిమితే చాలన్నారు. అద్దాలలో చేపల్ని చూసేచోటు వద్దన్నారు, ఆ పక్కనే ఓడరేవులో ఓడ కూత వినాలన్నారు. కత్తులూ గరిటెలూ అమ్మే బజారు కావాలన్నారు, ఎందుకంటే అక్కడ దేన్నైనా చేత్తో పట్టుకోనిస్తారు. నగరం మధ్యలో మిడోసుజి అనే పెద్ద రోడ్డు ఉందని, దానిమీదే ఉత్తరంగా వెళ్తే ఆ వంతెన వస్తుందని, అందులో బళ్లన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికే పోతాయని ఆమె చదివింది. మాస్టారు ఆ ముక్క రెండుసార్లు చదివించుకున్నారు. "అయితే వంతెన వైపు నడుస్తుంటే బళ్లు నాకు ఎదురొస్తాయన్నమాట" అని గుర్తుపెట్టుకున్నారు.

వేళ్లతో చదివే పటం ఒకటి కావాలి. అప్పుడు వచ్చింది నా వంతు.

చుక్కల రాతలో ఒక మెలిక ఉంది. కాగితం వెనకవైపు నుంచి పొడిస్తే ముందువైపు చుక్క ఉబ్బుతుంది. కాబట్టి వెనక కుడివైపు పొడిచింది ముందు ఎడమవైపు తేలుతుంది. అందుకే రాసేటప్పుడు కుడినుంచి ఎడమకు రాస్తారు, తిప్పి ఎడమనుంచి కుడికి చదువుతారు. పటాన్ని కూడా అలాగే అద్దంలో బొమ్మలా తిప్పి పొడవాలి. ఈ సంగతి సింహాద్రి మాస్టారికి చిన్ననాటినుంచీ తెలుసు. వరహాలమ్మకూ తెలుసు, ఆయన వల్ల కాదు, కుట్టుపని వల్ల. బట్టను లోపలివైపు తిప్పి గుర్తులు పెట్టడం ఆమెకు రోజూ ఉన్న పనే. రెండు చేతులూ ఎడమచేతులుగా కుట్టిన జాకెట్టు ఆమె ఇంట్లోంచి ఒక్కటీ బయటికి పోలేదు.

ఆమె అచ్చు పటం మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, మెత్తటి పెన్సిలుతో రోడ్లూ రైలుదారులూ నదులూ గీసింది. నన్ను కంబళి మీద బోర్లా పడుకోబెట్టింది. ట్రేసింగ్ కాగితాన్ని జాగ్రత్తగా తిరగేసి నా వీపు మీద గుండుసూదులతో గుచ్చింది. అంతా సరిగ్గా ఉంది. అప్పుడే ఎవరో జాకెట్టు కోసం వస్తే లేచి వెళ్లింది.

మాస్టారు వచ్చి కింద కూర్చున్నారు. పిన్నులు తడిమి చూశారు. బడిలో సాయానికొచ్చిన కళ్లున్నవాళ్లు ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పినా కాగితం తిప్పడం మరిచిపోయేవారు. వరహాలు కూడా మరిచిపోయి ఉంటుందనుకున్నారు. ఇంత కష్టపడ్డ మనిషికి తప్పు చేశావని చెప్పి మనసు నొప్పించడం ఎందుకని, చప్పుడు కాకుండా పిన్నులు తీసి, ట్రేసింగ్ కాగితాన్ని తిరగేసి, మళ్లీ గుచ్చి లేచిపోయారు. వద్దు మాస్టారూ, ఆవిడ తిప్పేసింది అని నేను అరవాలి. కాగితాలకు నోరుంటే ఈ లోకం ఇంకోలా ఉండేది.

వరహాలమ్మ తిరిగొచ్చింది. గీతలు ఆ పల్చటి కాగితానికి రెండువైపులా కనబడతాయి. తాను తిప్పేశానన్న ధీమాలో, అచ్చు పటంలో చూసినట్టే ఉన్నా ఆమెకు అనుమానమే రాలేదు. జాకెట్ల మీద గుర్తులు పెట్టే పళ్లచక్రంతో రోడ్లన్నీ దొర్లించింది. డబ్బనంతో స్టేషన్లు పొడిచింది. రెండు రోజులు పట్టింది. మధ్యమధ్య ఆగి గోడకు ఆనుకుని ఊపిరి తీసుకునేది. ఎక్కడెక్కడ కూర్చోవడానికి బల్లలున్నాయో వెతికి, వాటికి మూడేసి చిన్న చుక్కలు పెట్టింది. పూర్తయ్యాక నన్ను తిప్పి ఆయన ఒళ్లో పెట్టింది.

మాస్టారు వేళ్లు నా మీద నడిచాయి. కుడిచేతి వైపు చివరికి వెళ్లి ఆగాయి. "ఇదేటి, ఇక్కడ గీతలైపోయేయి?"

"సముద్రమండి."

"తూర్పునేనా?"

"సముద్రం తూర్పున కాకపోతే ఇంకెక్కడుంటాదండీ" అంది వరహాలమ్మ. భీమిలి సముద్రం తప్ప వేరే సముద్రం ఎరగని మనిషి. మాస్టారు కూడా అంతే. ఇద్దరూ ఆ ఊరు మన ఊళ్లాగే ఉందని సంతోషపడ్డారు. ఒసాకాకు సముద్రం పడమటి వైపున ఉంటుంది. వాళ్లిద్దరూ కలిసి, ఒకరి మీద ఒకరికున్న ప్రేమ కొద్దీ, ఒక మహానగరాన్ని తిరగేసేశారు.

ఆ పైన మాస్టారు చుక్కలు పొడిచే తన పలకా ములుకూ తీసుకుని స్టేషన్ల పేర్లూ వీధుల పేర్లూ స్వయంగా నా మీద పొడిచారు. రెండు నెలలు రోజూ పొద్దున నన్ను చదివి నగరాన్ని వల్లెవేశారు. ఒకరోజు ఆయన వేళ్లు, బల్లలని ఆమె చెప్పిన ఆ మూడేసి చుక్కల దగ్గర ఆగిపోయాయి. ఒకటి, రెండు అని లెక్కపెట్టారు. పద్నాలుగు బల్లలు. వాటి మధ్య దూరం కూడా కొలిచారు. ఇంత దగ్గర దగ్గరగా కూర్చుంటే తప్ప నడవలేని మనిషి గీసిన పటం ఇది అని ఆయనకు అప్పుడు అర్థమైంది. మేడమెట్ల మీద ఆమె ఊపిరి మూడో మెట్టుకే తెగడం అంతకుముందే విని ఉన్నారు. వంటింట్లోంచి ఆమె, "ఏటి చేస్తన్నారు?" అని కేకేసింది. "ఏటీ లేదు, చదువుతన్నాను" అన్నారు. ఆమె ఆయనకు చెప్పలేదు. ఆయన ఆమెను అడగలేదు.

డాక్టరు మొహం చిట్లించి, మెట్లెక్కకండి, మెల్లగా తిరగండి అని ఒప్పుకున్నాడు. అక్టోబరులో బయల్దేరారు. వరహాలమ్మ నాకు అట్ట లోపల పెట్టి గుడ్డ సంచీ కుట్టింది. విమానంలో నేను మాస్టారి ఒళ్లో ఉన్నాను.

ఒసాకాలో మొదటి ఉదయమే ఆ నడక. ఎనిమిదిన్నరకు వరహాలమ్మ టాక్సీలో వెళ్లిపోయింది. ఎందుకైనా మంచిదని హోటలు చిరునామా కార్డు ఆయన జేబులో పెట్టింది. తొమ్మిదింటికి మాస్టారు కర్రతో హోటలు గుమ్మం దాటారు. ఎడమకు తిరగమని నేను చెప్పాను. నిజానికి కుడికి తిరగాలి. ఆయన ఎడమకే తిరిగారు.

మొదటి నాలుగడుగులూ ఆయన ఎడమచెయ్యి గాల్లో ఆ మోచేతి కోసం వెతికింది. తరవాత పాదం కింద పసుపు పలక గీతలు తగిలాయి. అక్కడినుంచి చెయ్యి ఆయన పక్కనే ఉండిపోయింది. పలకలు ఎక్కడా తెగిపోలేదు, స్తంభానికి గుద్దలేదు. రోడ్డు దాటేచోట్ల సిగ్నలు స్తంభం నుంచి పిట్ట కూత వినిపించేది. ఆయన నిలబడి, విని, దాటేవారు. నేను చెప్పినట్టే పెద్దరోడ్డు వచ్చింది. ఉత్తరానికి తిరిగారు. నేను చెప్పినట్టే కొంతసేపటికి నీటి గాలి తగిలింది, వంతెన వచ్చింది. అరవై ఏళ్ల మనిషి ఆ వంతెన మొదట్లో నిలబడి గర్వంగా నవ్వారు.

"వరాలూ!" అని పిలిచారు.

జవాబు రాలేదు. మళ్లీ పిలిచారు. మూడోసారి ఇంకా గట్టిగా పిలిచారు. ఎవరో ముసలాయన ఆగి వాళ్ల భాషలో ఏదో అడిగి, అర్థంకాక వెళ్లిపోయాడు. అరగంట అలాగే నిలబడ్డారు. ఆయనకు మొదట తట్టింది దారి తప్పానని కాదు. ఆమె ఎక్కడో కూలబడిపోయిందని. పద్నాలుగు బల్లలూ ఆయన బుర్రలో తిరిగాయి. జేబులోంచి హోటలు కార్డు తీశారు. ఎవరి చేతిలోనైనా పెడితే చాలు, తీసుకెళ్లి దింపుతారు. కాసేపు పట్టుకుని మళ్లీ జేబులో పెట్టేశారు. తాను హోటలుకు పోతే, అక్కడెక్కడో కూర్చున్న మనిషి సాయంత్రం దాకా కూర్చునే ఉంటుంది.

అప్పుడు ఆయన చెవులు పనిచేశాయి. తాను నడిచినంతసేపూ బళ్లు వెనకనుంచి వచ్చి ముందుకు పోయాయి. ఎదురు రావలసినవి. ఇది మిడోసుజి కాదు. పక్కనే దానికి వరసగా పోయే ఇంకో పెద్దరోడ్డు ఉంది, అది నా మీద హోటలుకు అవతలివైపు, కుడికి తిరిగితే వచ్చేచోట ఉంది. అవతలిది ఇవతలికి ఎలా వచ్చింది? రాతి గోడకు ఆనుకుని నన్ను సంచీలోంచి తీశారు. వేళ్లు రెండు రోడ్ల మధ్యా తిరిగాయి. ఉన్నట్టుండి ఆయన చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో కంబళి మీద తాను తీసిన గుండుసూదులు గుర్తొచ్చాయి.

"అది మర్చిపోద్దా? నలభై ఏళ్లు బట్ట తిరగేసిన మనిషి మర్చిపోద్దా?" అని తనను తానే తిట్టుకున్నారు. ఇంట్లో ఎప్పుడూ వినిపించని గొంతుతో ఆ వంతెన మీద ఏడ్చారు కూడా.

ఆ తరవాత నన్ను తిరగేశారు. నా వీపును అంతవరకూ ఎవరూ చదవలేదు. అక్కడ చుక్కలుండవు, గుంటలుంటాయి. గుంటల్ని చదవడం ఏ బడిలోనూ నేర్పరు. కానీ ఆ పేర్లు కుడినుంచి ఎడమకు పొడిచింది ఆ చెయ్యే. కష్టపడి, తప్పుగా ఒకసారి, సరిగ్గా ఇంకోసారి చదువుకున్నారు. సరైన ఒసాకా నా వెనక ఉంది. నది ఒడ్డున పడమటికి వెళ్తే తరవాతి పెద్ద వంతెన తనది. లేచి, వీపుకు ఎండ తగిలేలా నిలబడి, నీటిని కుడిపక్కన ఉంచుకుని నడక మొదలుపెట్టారు.

రెండో వంతెన మొదటికి చేరుతుండగా, "ఏవండీ! ఇటు!" అని వినిపించింది.

ఆ గొంతు వినగానే ఆయన కర్రను అటు తిప్పారు. తడుముకుంటూ వెళ్లి బల్ల మీద ఆమె పక్కన కూలబడ్డారు. ఇద్దరిలో ఎవరి ఊపిరి ఎక్కువ ఎగపోస్తోందో చెప్పడం కష్టం.

"గంటన్నర అయింది" అంది ఆమె.

"తప్పిపోయేను వరాలూ. తప్పు నాదే. ఆ పల్చ కాగితం నేను తిరగేసేను. నువ్వు మర్చిపోయుంటావని."

"నేను తిప్పే కదండీ పిన్నులెట్టేను."

"ఇప్పుడు తెలిసింది." బల్ల అంచు తడిమి, "నీ గుండె సంగతి కూడా తెలుసు. బల్లలు లెక్కెట్టేను" అన్నారు.

వరహాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పక్కన బళ్లు పోతూనే ఉన్నాయి.

"మీకు చెప్పొద్దనుకున్నాను" అంది చివరికి.

"నేనూ అడగొద్దనుకున్నాను."

ఆమె ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. "దారిలో ఎవరి చెయ్యైనా పట్టుకున్నారా?"

"లేదు."

"ఎవర్నైనా అడిగేరా?"

"అడగడానికి భాషేదీ?"

"అయితే చాలు." ఆమె ఆయన నుదుటి చెమట తుడిచింది. "మీరు తిన్నగా వచ్చేసుంటే నా బెంగ తీరేది కాదండి. కాగితం పుణ్యమా అని వచ్చేరనుకునేదాన్ని. తప్పిపోయి, ఒక్కరే తేరుకుని వచ్చేరు. ఇంక నాకు భయం లేదు."

మిగతా మూడు రోజులూ వాళ్లు మెల్లగా, బల్ల నుంచి బల్లకు తిరిగారు. మాస్టారు కందకం రాళ్లు తడిమారు, ఓడ కూత విన్నారు, ఒక గరిటె కొన్నారు. నన్ను వెనకవైపే చదివారు.

మరుసటి జూన్‌లో, తొలకరి పడిన రోజున, వరహాలమ్మ నిద్రలోనే పోయింది. పదో రోజు అయ్యాక చుట్టాలు హాల్లో కూర్చుని మాస్టార్ని ఎవరు తీసుకెళ్లాలన్న చర్చ పెట్టారు. ఆయన అక్కడే ఉన్నా ఎవరూ ఆయన్ను అడగలేదు. పెద్ద బావమరిది మేడ మీద గది ఉందన్నాడు. మరదలు మెట్లు ప్రమాదమంది. ఇంకొకాయన ఏదో ఆశ్రమం పేరు ఎత్తాడు. కళ్లున్న మనుషులు ఎంతమంది ఒకచోట చేరితే అంతసేపు మాట్లాడుకోగలరు. గుమ్మం పక్క మేకుకు వేలాడుతున్న నేను అన్నీ వింటూనే ఉన్నాను. మధ్యలో మాస్టారు లేచారు. మంచినీళ్ల కోసమనుకున్నారు. ఆయన గుమ్మం దగ్గరకొచ్చి చెయ్యి చాపారు. నన్ను తీసుకుంటారనుకున్నాను. నా పక్కనున్న కర్ర తీసుకున్నారు.

ముప్పావుగంట తరవాత వంకాయలూ కొత్తిమీరా పట్టుకుని తిరిగొచ్చారు. పంచె అంచున బురద తప్ప ఒంటిమీద ఏ గీరూ లేదు. హాలు మధ్యలోంచి తిన్నగా వంటింట్లోకి నడిచి, "ఎంతమందికి వండాలో చెప్పండి" అన్నారు.

చర్చ అక్కడితో ఆగిపోయింది. రెండు రోజుల్లో అందరూ ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

ఇప్పుడు నేను బడిలో ఉన్నాను. మాస్టారే ఇచ్చారు. బడివాళ్లు నన్ను గౌరవంగా గాజుపెట్టెలో పెట్టి, చేత్తో ముట్టుకోరాదని చీటీ అంటించారు. చూపులేని పిల్లలు చదివే బడిలో, వేళ్లతో చదివే కాగితానికి! నేనేమీ అనలేను గనక ఊరుకున్నాను. నా చుక్కలు కూడా చాలావరకు అరిగిపోయాయి, సముద్రం వైపు అసలేమీ మిగల్లేదు. గురువారం పదింటికి మాత్రం మాస్టారు పిల్లలకు పాఠం చెప్పడానికి వస్తారు. రాగానే గాజుమూత తీయిస్తారు. ఆయన రావడం నాకు దూరం నుంచే తెలుస్తుంది. వరండా పొడవునా కర్ర చప్పుడు వినిపిస్తుంది, ఒక మనిషి అడుగుల చప్పుడు వినిపిస్తుంది. రెండో మనిషి అడుగుల కోసం నేను చాలా గురువారాలు చెవి ఒగ్గాను. ఇప్పుడు ఒగ్గడం లేదు. ఆయన ఒక్కరే వస్తారు, ఎక్కడా ఆగకుండా.